కాల్చినోడి మోకాలు

చెంచురామయ్య మోకాలి చిప్ప పగిలిన చప్పుడు టీ కొట్టు ముందు కూర్చున్న వాళ్ళందరికీ వినపడింది. ఒక్కడు లేస్తే ఒట్టు. గ్లాసులు చేతుల్లో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయారు. బుల్లయ్య కారు స్టార్టు చేసే ఇనప హ్యాండిల్ రెండోసారి ఎత్తేసరికి మల్లేశ్వరి ఎటునుంచి వచ్చిందో పరుగున వచ్చి తమ్ముడి మీద అడ్డంగా పడింది. దెబ్బ ఆమె భుజాన్ని గీరుకుంటూ పోయి నేలకు తగిలింది. కొట్టేవాడు మొగుడు, దెబ్బలు తినేవాడు తోడబుట్టినవాడు. ఏ ఆడదానికీ వద్దు అలాంటి పొద్దు.

"అడ్డం లెగవే! లెగకపోతే నిన్నూ కలిపి వాయిస్తా!" అని అరిచాడు బుల్లయ్య.

"వాయించు! ఇద్దర్నీ చంపేసి పోరాదూ, నీ కసి తీరిపోద్ది!" అంది మల్లేశ్వరి.

"నేను కాల్చలేదు బావా... అమ్మతోడు, నేను కాల్చలేదు," అంటున్నాడు కింద చెంచురామయ్య. దుమ్మూ రక్తమూ కలిసి అతని మొహం గుర్తుపట్టేట్టు లేదు.

బుల్లయ్య హ్యాండిల్ భుజాన వేసుకుని టీ కొట్టు వైపు తిరిగాడు. "అందరూ వినండి. నా కారు కాల్చినోడికి ఒక్క మోకాలు చాలదు. ఆ బండిని మళ్ళీ నిలబెడతా. అది స్టార్టయిన రోజున దాంట్లోనే ఈడింటికెళ్ళి రెండో మోకాలు కూడా తీస్తా. తియ్యకపోతే నేను బుల్లయ్యనే కాదు," అన్నాడు.

ఈ బుల్లయ్య ఉన్నాడే, మాట తప్పడు. మంచిమాటైతే మర్చిపోవచ్చు గానీ ఇలాంటి మాట చచ్చినా మర్చిపోడు. పొలం గట్టు జరిపాడని ఒకాయన చెవి కోస్తానన్నాడు, కోశాడు. ఆ చెవి లేని మనిషి ఇప్పటికీ తలకు తువ్వాలు చుట్టుకునే తిరుగుతాడు. పెద్దమనుషులా? కోపం చల్లారాక మాట్లాడదాంలే అనేవాళ్ళు. ఆ కోపం చల్లారిందీ లేదు, వాళ్ళు మాట్లాడిందీ లేదు.

ఇంతకీ ఆ కారు సంగతి చెప్పాలి. ప్రత్తిపాడు అవతల ఆ పల్లెలో, పత్తి బాగా పండిన ఏడు బుల్లయ్య నాన్న కొన్న పాత అంబాసిడర్ అది. మీగడ రంగు. ముందు బంపర్ దగ్గర కన్నంలో హ్యాండిల్ దూర్చి తిప్పితే స్టార్టయ్యే రకం. ఊళ్ళో ఏ పెళ్ళికొడుకైనా ఆ కారెక్కితేనే పెళ్ళికొడుకు. మల్లేశ్వరి కాపురానికి వచ్చిందీ దాంట్లోనే. చెంచురామయ్య పెద్దయ్యాక అక్కకి దగ్గరగా ఉంటుందని ఆ ఊళ్ళోనే పొలం కొనుక్కుని, కింద బజారులో ఇల్లు కట్టుకున్నాడు. ఏ ముహూర్తాన కట్టుకున్నాడో పాపం.

దసరా రోజు పొద్దున సాగర్ కాలవ నీళ్ళ వంతు దగ్గర బావాబామ్మర్దులకు మాటా మాటా పెరిగింది. చెంచురామయ్యకు చెయ్యి లేవదు, నోరు లేస్తుంది. "నీ పొగరంతా ఆ కారులోనే ఉంది. నిప్పెట్టి తగలేస్తా దాన్ని!" అని పదిమంది ముందు అనేశాడు. సాయంత్రం జమ్మి పూజ నుంచి తిరిగొస్తుంటే బానెట్ కింద పొగ లేచింది, చూస్తుండగానే మంటయింది. ఇసక పోసి, తడి గోతాలు కప్పి ఆర్పేసరికి ఇంజను నల్లటి ముద్దయి కూర్చుంది, డ్యాష్‌బోర్డు కరిగి కారిపోయింది, బానెట్ మీద రంగంతా పొక్కులు లేచింది. అంతకు కాసేపటి ముందే, జమ్మిచెట్టు దగ్గర, ఆ బానెట్‌కి ఆనుకుని బీడీ కాలుస్తూ నిలబడ్డాడు చెంచురామయ్య. ఇంకేం కావాలి? ఊరు ఊరంతా నమ్మేసింది. నిజం చెప్పాలంటే మల్లేశ్వరి కూడా సగం నమ్మింది.

దెబ్బలు తిన్నాక గుంటూరు ఆసుపత్రిలో కాలికి కట్టు వేయించుకుంటూ, "కేసు పెట్టరా," అని స్నేహితులు చెవినిల్లు కట్టుకుని పోరినా చెంచురామయ్య ఒప్పుకోలేదు. అక్క కాపురం ఏమైపోతుందని ఆలోచించాడు. ఆ సంగతి తెలిసి మల్లేశ్వరి మరీ ఏడ్చింది.

బుల్లయ్య కారుని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి మిరప కల్లం పక్కన రేకుల షెడ్డులో పెట్టించాడు. చిలకలూరిపేట నుంచి నాగుల్‌మీరా అనే మెకానిక్‌ని పట్టుకొచ్చాడు. నాగుల్‌మీరా పాత బళ్ళ పని బాగా చేస్తాడు గానీ ఒట్టి భయస్థుడు. బానెట్ ఎత్తి చూసి, "తూకానికి వేసుకోండయ్యా, దీనికింక ప్రాణం లేదు," అన్నాడు.

బుల్లయ్య అతని చొక్కా కాలర్ పట్టుకుని గోడకేసి గుద్దాడు. "తూకానికి వెయ్యాల్సింది నిన్ను. పని మొదలెట్టు," అన్నాడు. మొదలెట్టాడు, ఏం చేస్తాడు మరి?

కాలిన వైర్లన్నీ పీకేశారు. ఇంజను గొలుసులు కట్టి పైకి లేపారు. బిగుసుకుపోయిన నట్లను కిరసనాయిల్లో నానబెట్టి, సుత్తితో కొట్టి, ఒక్కోటీ ఊడదీశారు. పొలం పని కూలీల మీద వదిలేసి బుల్లయ్య పొద్దస్తమానం ఆ షెడ్డులోనే. వైరు బ్రష్షుతో మసి గీకేవాడు, మెత్తటి గుడ్డ పెట్టి తుడిచేవాడు. కార్బురేటర్‌లోని సన్నటి జెట్లను ఎండకేసి పట్టుకుని, నోటితో ఊది, కన్నం తేలిందా లేదా అని చంటిపిల్లాడి చెవి చూసినట్టు చూసేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చేతులు అంత మెత్తగా దేన్నైనా పట్టుకోవడం మల్లేశ్వరి చూసి ఎరగదు. చూసేకొద్దీ ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

వేరే ఇంట్లోనైతే పాడైన వస్తువు బాగవుతుంటే సంబరపడతారు. ఇక్కడ పిస్టన్ కదిలిందంటే ఆమె గుండె ఆగేది. కొత్త వైరింగ్ వేశారు, బానెట్‌కి మీగడ రంగు కొట్టారు, సీట్లు కుట్టించారు. ఒక్కో పని పూర్తయ్యేకొద్దీ తమ్ముడి రెండో కాలు దగ్గరపడుతోంది.

ఉండబట్టలేక కింద బజారుకి పోయి తమ్ముడి ముందు కూర్చుంది. "అద్దంకిలో మీ అత్తగారింటికి పోరా, నీకు దణ్ణం పెడతా. ఆ బండి లేచేలోపు పో."

"తప్పు చేసినోడు పోతాడక్కా ఊరొదిలి. నేనెందుకు పోతా?" అన్నాడు చెంచురామయ్య, చంక కింద కర్ర సర్దుకుంటూ.

"ఆ దిక్కుమాలిన నోటితోనే గదరా ఇంత తెచ్చుకుంది! ఇంకా బుద్ధి రాలేదా?"

"నోరు జారాను. ఒప్పుకుంటా. కానీ ఆ కారు హారన్ కొట్టనిస్తే చాలని బావ చుట్టూ తిరిగినోణ్ణి నేను. దాన్నెట్టా కాలుస్తానే?"

మల్లేశ్వరికి మిగిలిన సగం అనుమానం కూడా అక్కడితో పోయింది. పోయి మాత్రం ఏం లాభం? కాల్చలేదని తెలిశాక భయం రెట్టింపయింది.

ఇక దొంగపనికి దిగింది. నాగుల్‌మీరా బెజవాడంతా గాలించి తెచ్చిన డిస్ట్రిబ్యూటర్ మూతని కొంగులో చుట్టుకుపోయి కాలవలో పారేసింది. అది లేకపోతే ఇంజను అంటుకోదని వాళ్ళ మాటల్లో విన్నది. మర్నాడు మూత కనపడక బుల్లయ్య నాగుల్‌మీరా మెడ పట్టుకుని నీళ్ళ తొట్టిలో ముంచాడు. లేపాడు, అడిగాడు, మళ్ళీ ముంచాడు. అతని కాళ్ళు కొట్టుకుంటుంటే చూడలేక మల్లేశ్వరి అడ్డం వెళ్ళింది.

"వదులు! నేను పారేశా. కాలవలో పారేశా. అతన్ని వదులు!"

బుల్లయ్య వదిలాడు. గోడకి వేలాడుతున్న ఫ్యాన్ బెల్టు తీశాడు. కల్లంలో కూలీలు చూస్తుండగానే కొట్టాడు, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాడు. కూలీల్లో పెద్దది కొండమ్మ వచ్చి ఆమెను లేపి, రవిక వీపుకి అంటుకుపోతే నీళ్ళు చల్లి విడదీసింది. "ఈడి చేతులు పడిపోను," అని లోపల్లోపల తిట్టింది. మల్లేశ్వరికి దెబ్బల బాధ కంటే, వారం తిరక్కుండా ఇంకో మూత వచ్చేస్తుందన్న బాధే ఎక్కువగా ఉంది. వచ్చేసింది కూడా.

అయితే ఆ తొట్టి దగ్గర తన ప్రాణం కాపాడిందన్న విశ్వాసం నాగుల్‌మీరా మర్చిపోలేదు. బుల్లయ్య అన్నానికి లోపలికి వెళ్ళినప్పుడు ఆమెను షెడ్డులోకి పిలిచాడు. సైలెన్సరు గొట్టం ఇంజనుకి కలిసేచోట, కార్బురేటర్‌కి సరిగ్గా కింద, ఇనుముకి కరుచుకుపోయిన నీలం ముద్దొకటి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూపించాడు.

"ఇదేందో చూశావా అమ్మా?"

చూసింది. ఆ ఇంట్లో ఆడ, మగ ఎవరికైనా తెలిసే వస్తువే. మిరప చేలో పురుగుమందు కొట్టే పంపుకి ఉండే నీలం పైపు.

"పెట్రోలు వచ్చే పైపు స్థానంలో ఇది పెట్టారమ్మా. పెట్రోలు తగిలితే ఇది ఉబ్బి మెత్తబడుద్ది. బిగుతు వదిలి ఊడిపోద్ది. పెట్రోలంతా కాలే ఇనుము మీద పడుద్ది. ఏ బీడీ అక్కర్లా, ఏ అగ్గిపుల్లా అక్కర్లా. నేను చెప్పానని మాత్రం అనొద్దమ్మా, పిల్లలున్నోణ్ణి."

దసరాకి ముందు మందు కొట్టే పైపు మూరెడు పొట్టిదైందని జీతగాడు గొణిగాడు. ఆ మూరెడు ముక్కని కత్తితో కోసి, నోట్లో పెట్టి ఊది చూసుకుంటూ షెడ్డులోకి పోయిన మనిషిని ఆమె కళ్ళారా చూసింది. పేట దాకా వెళ్ళి అసలు పైపు తెచ్చుకోవడానికి బద్ధకించాడు బుల్లయ్య. చేలో మందుకి పనికొచ్చేది బండికి పనికిరాదా అనుకుని ఉంటాడు. కారుని కాల్చింది అతనే. తన చేతులతో తనే!

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంక గండం గడిచినట్టే అనుకుంది, వెర్రిది. ఆ నీలం ముద్ద గీకి తీసుకుని నేరుగా వంటింట్లోకి పోయి, అతని కంచం పక్కన పెట్టింది.

"చూడు. ఇది నువ్వు కోసి పెట్టిన పైపు. తమ్ముడు కాదు, నువ్వు కాల్చావు."

బుల్లయ్య దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు. మొహంలో రంగు పోయింది. అర్థమైంది అతనికి, అందులో అనుమానం లేదు. ఒక్క క్షణం ఆ పెద్ద మనిషి చిన్నబోయాడు. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆగలేదు.

"అయితే?" అన్నాడు. "ఈ పైపులు ఎంతమంది పెట్టుకోవట్లా? వాళ్ళవి కాలాయా? ఆడి నాలిక మీద మచ్చుందే. నల్ల మచ్చ. తగలేస్తానన్నాడు, తగలడింది. ఆడి వాక్కే కాల్చింది నా బండిని."

"మచ్చేందయ్యా, బుద్ధుందా నీకు! పైపు పెట్టింది నువ్వని తెలిసి కూడా..."

ఎడం చేత్తో కొట్టిన దెబ్బకి ఆమె పొయ్యి గట్టు మీద పడింది. కుడిచెయ్యి ఎంగిలి కదా, దానికి మాత్రం మడి పాటించాడు మహానుభావుడు. "ఊరందరి ముందు అన్నా. ఇప్పుడెళ్ళి నా కారు నేనే కాల్చుకున్నానని చెప్పమంటావా? బుల్లయ్య తలదించుకు తిరగమంటావా? ఇంకొక్కసారి ఈ మాట నీ నోట వింటే ఆడి కాలు కాదు, పీకే తీస్తా," అని ఆ ముద్దని పొయ్యిలో పారేశాడు. కంపు కొడుతూ కాలిపోయింది. అతను అన్నం పూర్తిగా తిన్నాడు, మజ్జిగ కూడా పోయించుకున్నాడు.

ఆ పూట మల్లేశ్వరి లోపల ఏదో తెగిపోయింది. ఇన్నాళ్ళూ తెలియక చేస్తున్నాడనుకుంది. తెలిసీ చేయబోతున్నాడు.

మిరపకాయ ఎండి, కల్లం అంతా ఎర్రగా పరుచుకున్న రోజుల్లో బండి సిద్ధమైంది. ఎండ మాడ్చేస్తోంది. కూలీలతో కలిసి మల్లేశ్వరి పొద్దున్నుంచీ మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. తలెత్తలేదు. షెడ్డులోంచి కారుని బయటికి నెట్టారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, బానెట్‌కి పసుపూ కుంకుమా అద్దారు, కొబ్బరికాయ కొట్టారు. టీ కొట్టు జనమంతా చూడటానికి వచ్చి నిలబడ్డారు. దేన్ని చూడటానికి వచ్చారో వాళ్ళకు తెలుసు. అయినా వచ్చారు, సిగ్గులేని జనం.

నాగుల్‌మీరా స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. బుల్లయ్య హ్యాండిల్ దూర్చి ఒక్క తిప్పు తిప్పాడు. దగ్గింది. ఇంకో తిప్పుకి అందుకుంది. నిజానికి ఎంత బాగా అందుకుందని! కొత్త బండి కూడా అంత నిదానంగా ఆడదు. బుల్లయ్య కళ్ళు చెమర్చాయి. బానెట్ మీద చెయ్యి వేసి ఆ వణుకుని కాసేపు అలాగే అనుభవించాడు. తర్వాత హ్యాండిల్ బయటికి లాగి భుజాన పెట్టుకున్నాడు.

"పదండి కింద బజారుకి," అన్నాడు.

మల్లేశ్వరి లేచి కారుకి ఎదురెళ్ళింది.

"ఒక్క మాట వినిపోండి అందరూ!" గొంతు చించుకుని అరిచింది. "ఈ కారు కాల్చింది నా తమ్ముడు కాదు. ఈయన మందు పంపు పైపు కోసి పెట్రోలు పైపుకి పెట్టాడు. దాని మూలాన కాలింది. ఆ సంగతి ఈయనకీ తెలుసు! తెలిసి పోతున్నాడు!"

జనంలో గుసగుస లేచింది. చెవి లేని మనిషి తువ్వాలు సర్దుకుని ఒక అడుగు ముందుకొచ్చాడు. బుల్లయ్యకి కోపం నెత్తికెక్కింది. "నోరుముయ్యవే!" అంటూ హ్యాండిల్ ఎత్తి ఆమె మీదకి ఉరికాడు.

పొద్దున్నుంచీ కాయ తొడాలు తీసిన చేతులు ఎలా ఉంటాయో గుంటూరు సీమలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆ చేతులతో కూలి తల్లులు బిడ్డల్ని ఎత్తుకోరు. దెబ్బ పడేలోపు మల్లేశ్వరి అతని మీదకే దూకి, రెండు అరచేతులూ అతని కళ్ళకేసి రుద్దింది. గట్టిగా, పళ్ళు బిగించి రుద్దింది.

బుల్లయ్య పెట్టిన కేకకి కల్లం మీది కాకులన్నీ లేచిపోయాయి. హ్యాండిల్ జారిపోయింది. రెండు చేతులతో మొహం పట్టుకుని, నేల మీద పడి, మిరపకాయల్లో పొర్లాడు. పొర్లేకొద్దీ మంట ఇంకా పెరిగింది. "చంపేస్తానే... నిన్నూ, ఆణ్ణీ చంపేస్తా... ఈ పూటే చంపేస్తా!" అని గుడ్డిగా అరుస్తున్నాడు.

ఆ ఒక్క మాటా అనకపోతే బతికిపోయేవాడు. మల్లేశ్వరి వంగి హ్యాండిల్ తీసుకుంది. బరువుగా ఉంది, ఇంకా వెచ్చగా ఉంది.

"కాల్చినోడి మోకాలు తీస్తానన్నావు గదయ్యా," అంది. గొంతు ఆమెది కానట్టే ఉంది. "కాల్చింది నువ్వు. నీ మాట పోనియ్యన్లే."

కొట్టింది. కుడి మోకాలి మీద కొట్టింది. పత్తి కట్టెలు విరిచే చేతులవి, బలం తక్కువేం కాదు. చిప్ప విరిగి కాలు పక్కకి తిరిగిపోయింది. మళ్ళీ ఎత్తింది. కొండమ్మ వెనకనుంచి నడుం పట్టుకుని, "చాలమ్మా, చాలు తల్లీ, ఇంక లెగవలేడు," అని గుంజకపోతే రెండోది కూడా పడేదే. ఈసారి కూడా మగాళ్ళలో ఒక్కడూ కదల్లేదు.

హ్యాండిల్ విసిరేసి మల్లేశ్వరి అక్కడే కూలబడింది. అంతలోనే మళ్ళీ లేచి, "మజ్జిగ తెండే! నూనె తెండే! చూస్తారేందే, ఆయన కళ్ళు పోతాయి!" అని కూలీల మీద అరిచింది. బుల్లయ్య తల కొండమ్మ ఒళ్ళో పెట్టించి, తన చేతులు తాకకుండా ఆమె చేతే కళ్ళలో మజ్జిగ పోయించింది. కసి తీరింది. తీరినందుకు తన మీద తనకే రోత పుట్టింది. రెండూ నిజమే.

ఊళ్ళో వేరే కారు లేదు. ఆ కారులోనే వెనక సీట్లో పడుకోబెట్టారు బుల్లయ్యని. విరిగిన కాలు మల్లేశ్వరి ఒళ్ళో ఉంది. నాగుల్‌మీరా గేరు వేశాడు. గుంటూరు రోడ్డెక్కాలంటే కింద బజారు మీదుగానే పోవాలి.

బుల్లయ్య మూలుగుతున్నాడు. వాచిపోయిన కళ్ళు తెరవలేక, గాల్లో చెయ్యి ఆడిస్తూ, "లాగుతోందా? బండి... లాగుతోందా?" అని అడిగాడు.

"లాగుతోందయ్యా. మెత్తగా పోతోంది," అన్నాడు నాగుల్‌మీరా.

ఇంటి ముందు అరుగు మీద చెంచురామయ్య కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. అడ్డం వచ్చిన బర్రె కోసం నాగుల్‌మీరా హారన్ కొట్టాడు. చెంచురామయ్య తలెత్తాడు. పసుపు కుంకుమలతో మెరిసిపోతూ తన మీదకే వస్తున్న మీగడ రంగు కారు కనపడింది అతనికి. అంతే కనపడింది. కర్ర కోసం తడుముకున్నాడు. అది జారి మెట్ల కింద పడింది. లేవబోయి బోర్లా పడ్డాడు. అప్పుడింక మోచేతుల మీద, పనికిరాని కాలు ఈడ్చుకుంటూ, గుమ్మం వైపు పాకాడు. ఊరొదిలి పోనన్న మనిషి, ఇంట్లోకి పాకుతున్నాడు.

మల్లేశ్వరి కిటికీలోంచి సగం బయటికి వంగింది. "ఒరేయ్ చెంచూ! భయం లేదురా! ఇంక భయం లేదు, నేనురా, అక్కని!"

ఇంజను చప్పుడులో ఆ మాట అతనికి చేరలేదు. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

"ఆపమంటావా అమ్మా?" అన్నాడు నాగుల్‌మీరా.

"వద్దు. ఈ బండి ఆగితే ఆడి గుండె ఆగిపోద్ది," అంది మల్లేశ్వరి. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తి, ఆ చేతులకు కారం ఉన్న సంగతి గుర్తొచ్చి దించేసింది. "పోనియ్," అంది.

కారు ఆగకుండా గుంటూరు రోడ్డెక్కింది.